ఉస్తాజ్ వహీబ్ సూటు, వీధిలోవాళ్ళ స్వెట్టర్లు

అలెగ్జాండ్రియా పాత పేట కోమ్ ఎల్ దిక్కాలో చలికాలానికి కొత్త స్వెట్టర్ కొనుక్కునేవాళ్ళకు రెండు భయాలుండేవి. ఒకటి, ఉతికితే అది కురచైపోతుందేమోనని. రెండోది, ఉస్తాజ్ వహీబ్ కంట పడుతుందేమోనని. మొదటిదానికి చన్నీళ్ళ ఉతుకుందని ఆడవాళ్ళు చెప్పేవారు. రెండోదానికి ఎవరి దగ్గరా మందు లేదు.

మర్యాదకు అందరూ ఉస్తాజ్ అని పిలిచే ఈ వహీబ్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే. కానీ అది వీధి మొత్తానికి సరిపోయేది. ఎవరి ఒంటిమీదైనా కొత్తగా, వెచ్చగా, కాస్త వింతగా ఏదన్నా కనిపించిందంటే చాలు, నడిచే మనిషి ఆగిపోయేవాడు. తల ఓ పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా కిందనుంచి పైదాకా చూసి, "ఒక్క పూట ఇవ్వండి, సూటుతో కలిపి చూస్తాను" అనేవాడు. ఇవ్వనని అన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ గుమ్మం ముందు ఆయన రోజూ పొద్దున్నే ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతూ నిలబడేవాడు. మూడోరోజుకు ఆ స్వెట్టర్ దానంతటదే నడిచొచ్చి ఆయన చేతిలో పడేది. ఆ 'ఒక్క పూట' ఏనాడూ వారానికి తక్కువ లేదు. తిరిగి అడిగితే, సూటు దగ్గర తొందర పనికిరాదని ఆయనే కోప్పడేవాడు.

ఆ సూటు సంగతి చెప్పాలి. బూడిద రంగు ఉన్నిది, కోటు, లోకోటు, ప్యాంటు, మూడూ ఒకే తాను. స్టావ్రో అనే గ్రీకు దర్జీ ఏనాడో ఒక పత్తి వ్యాపారికి కుట్టాడట. కొలతలిచ్చినవాడు సూటు తీసుకోకుండానే ఓడెక్కి దేశం దాటిపోయాడు. దుకాణంలో వేలాడుతున్న దాన్ని వహీబ్ తన మొదటి జీతంతో కొన్నాడు. ఆ వ్యాపారి భుజాలు వహీబ్ భుజాలకంటే అటు జానెడు, ఇటు జానెడు ఎక్కువ. అందుచేత ఆయన ఏ గుమ్మంలోంచి వచ్చినా ముందు సూటు లోపలికొచ్చేది, ఆ తరవాత ఆయన వచ్చేవాడు. దానిమీద ఓవర్‌కోటు వేయడం ఆయన దృష్టిలో మహాపాపం. పెళ్ళికూతురికి ఎవరైనా గోనెసంచి కప్పుతారా అని అడిగేవాడు. మరి అలెగ్జాండ్రియా సముద్రపు గాలి పెళ్ళికూతురని చూస్తుందా? లోపల ఏదో ఒకటి ఉండాలి. ఆ ఏదో ఒకటి ఎప్పుడూ ఇంకొకళ్ళదే అయ్యేది.

రిటైరయ్యేదాకా ఆయన పనిచేసింది ట్రాముల్లో జనం మరిచిపోయిన వస్తువుల్ని దాచే గదిలో. గొడుగులు, టోపీలు, ఒంటి చేతితొడుగులు, ఓసారి ఒక కట్టుడు పళ్ళ వరస. అవన్నీ అరల్లో సర్దీ సర్దీ, వస్తువుకు సొంతదారు అనేవాడొకడు ఉంటాడన్న నమ్మకమే ఆయనకు పోయిందని వీధిలో అనుకునేవారు. ఆయన సిద్ధాంతం మాత్రం వేరు. ఒంటినిండా పాతదే వేసుకుంటే మనిషి మ్యూజియంలో బొమ్మట. ఒంటినిండా కొత్తదే వేసుకుంటే దుకాణం అద్దంలో బొమ్మట. ఆ రెండు బొమ్మల మధ్య ఎక్కడో అసలు మనిషి ఉంటాడు, వాణ్ణి వెతికి పట్టుకోవాలి అనేవాడు. వెతుకులాటకు స్వెట్టర్లు మాత్రం వీధివాళ్ళు సరఫరా చేయాలి.

ఒక చలికాలం చేపలమ్మే హుస్నియా రబ్బరు బూట్లు పట్టుకుపోయాడు. సూటు ప్యాంటు వాటిలోకి దోపి, వానలో ట్రాము స్టేషన్‌దాకా పచార్లు చేశాడు. ఆవిడ అన్నాళ్ళూ తడినేలమీద చెప్పులతో నిలబడి ఆయన వంశాన్ని కడిగి ఆరేసింది. బూట్లు తిరిగొచ్చాయి. లోపలంతా కొలోన్ చల్లి ఉంది. ఆ వారం చేపలు కొనడానికొచ్చినవాళ్ళు వాసన పీల్చి, అనుమానంగా చూసి, పక్క బండికి వెళ్ళిపోయారు.

ఇంకో ఏడు నర్సు నిర్మీన్ టోపీ. అది చిలకపచ్చ ఊలు టోపీ, నెత్తిమీద నారింజకాయంత కుచ్చు. చూపు మందగించిన వాళ్ళమ్మ కూతురికోసం అల్లింది. నిర్మీన్ ఇంట్లో పెట్టుకుని బయల్దేరి, వీధి మలుపు తిరగ్గానే తీసి సంచిలో కుక్కుకునేది. సంచిలోంచి కుచ్చు బయటికొచ్చినప్పుడు వహీబ్ చూశాడు. ఇంకేముంది, పది రోజులపాటు ఆ చిలకపచ్చ టోపీ, బూడిద రంగు సూటు, కాఫీహోటల్లో ముందు వరస కుర్చీ. పిల్లలు వెంటబడ్డారు. పెద్దవాళ్ళు టీ గొంతుకడ్డంపడి దగ్గారు. ఆయన మాత్రం కుచ్చు సరిచేసుకుంటూ, వెనకనుంచి కూడా చూడమని తిరిగి చూపించాడు.

ఈ వ్యవహారమంతా దగ్గరనుంచి చూసేవాడు ఇస్త్రీ జాబిర్. వహీబ్ ఏది తిరిగిచ్చినా ఇస్త్రీ చేయించే ఇచ్చేవాడు. ఊలు టోపీని కూడా ఇస్త్రీకి తెచ్చిన మనిషి ప్రపంచంలో ఈయనొక్కడేనని జాబిర్ భార్యతో చెప్పి తల బాదుకునేవాడు. జాబిర్‌ది కాలి ఇస్త్రీ. నేలకు జానెడెత్తున బల్ల, దానిమీద బండరాయంత ఇనప పెట్టె, పొడుగు పిడి. పిడి చేత్తో పట్టుకుని, పెట్టెను కాలితో తోస్తూ, నోట్లో నీళ్ళు పోసుకుని బుస్సుమని చల్లుతూ పనిచేసేవాడు. మందపాటి కోట్లకు ఆ బరువు పడితేగాని మడత నిలవదని పక్క పేటలనుంచి కూడా తెచ్చేవారు. ఊళ్ళో సగం సూట్లు అతని కాలికింద పడుకున్నవే.

అదే అతని దుఃఖం కూడా.

ఆ ఊళ్ళో ఇస్త్రీవాళ్ళమీద ఒక పాత నింద ఉంది. పెళ్ళికి పిలిస్తే వాళ్ళు ఇస్త్రీకొచ్చిన బట్టలే వేసుకొస్తారని. ఒకప్పుడు వేరే పేటలో ఒకడు అలాగే వచ్చాడట. విందులో పక్కన కూర్చున్న పెద్దమనిషి తన చొక్కామీది సిరామరకను తానే గుర్తుపట్టాడట. అప్పటినుంచి ఏ పెళ్ళిలో ఇస్త్రీవాడు కనిపించినా జనం ముందు అతని మొహం చూడరు, చేతికఫ్‌లు చూస్తారు. జాబిర్ ఆ మాట పడలేక, ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళినా కాళ్ళదాకా జారే సాదా గలాబియాలోనే వెళ్ళేవాడు. ఇంకొకళ్ళ గుడ్డ ఒంటిమీద వేసుకోలేదని దేవుడిమీద ఒట్టేసి చెప్పగలడు.

ఇప్పుడు అతని కూతురు రావ్యా పెళ్ళి కుదిరింది. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, చలాకీది. పెళ్ళికొడుకు తామిర్ నెమ్మదస్తుడు. చిక్కల్లా అతని తండ్రి హాజీ మమ్దూహ్‌తోనే వచ్చింది. రేవులో కస్టమ్స్ ఉద్యోగం, నోరారా నవ్వే మనిషి, చెడ్డవాడు కాదు. మాటలు ఖాయమైన రోజున, పెళ్ళికి ఎవరేం వేసుకోవాలన్న కబుర్లలో, "జాబిర్ గారికేం లోటండీ, ఊళ్ళో సూట్లన్నీ ఆయనవేగా" అన్నాడు. అందరూ నవ్వారు. జాబిర్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

కొత్త సూటు కొనుక్కోమని భార్య అఫాఫ్ అంది. కొత్తది కొంటే అది ఎవరిదో అని మమ్దూహ్ కఫ్‌లు తిప్పి చూస్తాడని జాబిర్ అన్నాడు.

"పోనీ గలాబియానే వేసుకో నాన్నా, నువ్వు రాజాలా ఉంటావు" అంది రావ్యా.

"రాజాలానే ఉంటానమ్మా. సూటు లేని రాజాలా ఉంటాను. ఆయనన్నమాట నిజమైపోతుంది."

ఇక మిగిలింది ఒక్కటే, తన పెళ్ళికి కుట్టించుకున్న గోధుమ రంగు సూటు. అది అచ్చంగా తనది. పెట్టెలోంచి తీశారు. ప్యాంటు కుచ్చిళ్ళతో గుడారంలా ఉంది. కోటు భుజాలు తలుపంత వెడల్పున్నాయి. అంతవరకూ ఫర్వాలేదు. బొత్తాం పెట్టబోతే రెండు అంచుల మధ్యా ఒక పళ్ళెం పట్టేంత ఎడముంది. అఫాఫ్ మోకాలు ఆనించి లాగింది. బొత్తాం ఊడి వెళ్ళి టీగ్లాసుకు తగిలింది. ఇంక విప్పడానికి లోపల గుడ్డ లేదని దర్జీ చెప్పేశాడు. కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టే తండ్రి, బొత్తాం పట్టని కోటుతో అందరిముందూ కూర్చుంటే ఏమవుతుందో జాబిర్‌కు తెలుసు. పెళ్ళి జనమంతా నవ్వుతారు. రావ్యా జీవితమంతా అత్తవారింట్లో ఆ నవ్వు వినాలి.

సరిగ్గా ఆ దిగులులో ఉండగా వహీబ్ సూటు ఇస్త్రీకి తెచ్చాడు. ఎవరికీ చెప్పుకోలేని జాబిర్ ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కనుక ఆయనకే చెప్పాడు. గోధుమ రంగు కోటు తొడిగి, ఆ ఎడం కూడా చూపించాడు. వహీబ్ తల పక్కకు వాల్చాడు. ఒక కన్ను మూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత ఆయన చూపు కోటుమీదనుంచి జారి, గోడకు తగిలించిన జాబిర్ దిండుకోటుమీద ఆగింది.

దిండుకోటని వీధిలో పెట్టిన పేరు. చేతుల్లేనిది, ముదురు నీలం, లోపల దూదిలాంటిదేదో కూరి అడ్డగీతలుగా ఉబ్బి ఉంటుంది. రావ్యా తన మొదటి జీతంతో కొనిచ్చింది. ఆవిర్లు కక్కే దుకాణంలోంచి చలిగాలిలోకి రోజుకు వందసార్లు తిరిగే మనిషికి ప్రాణం లాంటిది.

"ఒక్క పూట ఇవ్వు జాబిరూ" అన్నాడు వహీబ్. "సూటుతో కలిపి చూస్తాను."

జాబిర్‌కు ఒళ్ళు మండిపోయింది. తన పరువు గంగపాలవుతుంటే ఈ మనిషికి షోకులు కావలసి వచ్చాయా అనుకున్నాడు. పట్టుకుపోండి, అంతా పట్టుకుపోండి అని విసిరి ఆయన ఒళ్ళో పడేశాడు. వహీబ్ దాన్ని నెమ్మదిగా మడిచి, చంకలో పెట్టుకుని, దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళాడు.

మర్నాడు బయ్యూమీ కాఫీహోటల్ నవ్వులతో దద్దరిల్లింది. వహీబ్ లోకోటు మానేసి, మెడదాకా వచ్చే నల్ల స్వెట్టర్ తొడిగాడు. అది మంగలి లుత్ఫీది. దానిమీద జాబిర్ దిండుకోటు. దానిపైన సూటు కోటు, బొత్తాలు పెట్టకుండా బార్లా తెరిచి. మధ్యలో దిండుకోటు గర్భిణిలా ముందుకొచ్చి ఉంది.

"ఉస్తాజ్ గారూ, మంచాన్ని ఇంట్లో వదిలేసి దిండొక్కటే తెచ్చుకున్నారేం?" అన్నాడు బయ్యూమీ.

"పత్తి వ్యాపారి సూటులోకి పత్తి ఇన్నాళ్ళకి చేరిందిరా" అన్నాడు లుత్ఫీ.

హోటలంతా కడుపుబ్బ నవ్వింది. వహీబ్ కించపడలేదు సరికదా, లేచి నిలబడి ఓ చుట్టు తిరిగాడు. ఇంకేమన్నా అనదలుచుకుంటే అనండి, మొహమాటపడకండి, వెనకవైపు ఎవరూ చూసినట్టు లేరు అన్నాడు. వెనకవైపు గురించీ అన్నారు. ఆయన చిక్కటి వేడి సహ్లబ్ పాలు చప్పరిస్తూ అన్నీ విని, బాగున్నవాటికి తల ఊపాడు.

రెండోరోజూ అలాగే వచ్చాడు. నిన్నటి మాటలే మళ్ళీ అన్నారు, కాస్త తక్కువ నవ్వారు. తరవాతి రోజు బయ్యూమీ దిండు జోకు మళ్ళీ వేస్తే, ఎవరో విన్నాం అన్నారు. ఈలోగా ఖాసిమ్ నౌవా దిగింది.

అలెగ్జాండ్రియాలో చలికాలపు గాలివానలను నౌవాలంటారు. ఒక్కోదానికి ఒక పేరుంది, వచ్చే తేదీ ఉంది. ఖాసిమ్ వారం రోజులు సముద్రాన్ని లేపి రోడ్డుమీద కొట్టింది. హోటల్లో అందరూ ముక్కులు చీదుతుంటే, వహీబ్ ఒక్కడు ఆరోగ్యంగా కూర్చుని పేపరు చదివాడు. లుత్ఫీ చూసి చూసి, వాళ్ళ నాన్న కోటు పెట్టెలోంచి తీసి, తలకు ముసుగుండే తన ఇంకో స్వెట్టర్‌మీద వేసుకొచ్చాడు. చలికోసమే, షోకుకోసం కాదని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. మర్నాడు బయ్యూమీ. ఆ వెనక ఇంకో నలుగురు. వయసులో కుట్టించుకుని పొట్ట వచ్చాక మూలపడేసిన కోట్లన్నీ బయటికొచ్చాయి. బొత్తాం పట్టని కోట్లు ఆ వీధిలో ఇన్ని ఉన్నాయని అంతవరకూ ఎవరికీ తెలియదు.

వహీబ్ వాళ్ళందరికీ గురువైపోయాడు. లోపలిది ముదురు రంగుదే ఉండాలనీ, పైకోటుకంటే బెత్తెడు పొట్టిగా ఉండాలనీ, పాత ప్యాంటు కింద కొత్త రబ్బరు బూటుంటే అంచు ఒక మడత పైకి మడవాలనీ, మూడు రంగులు దాటితే అది సర్కసనీ పాఠాలు చెప్పాడు. మెడకు ఉన్ని కండువా వేస్తే ముడి వేయకూడదు, రెండు కొసలూ కోటు లోపలికి దించేయాలి అన్నాడు.

ఇదంతా ఇలా జరుగుతుంటే జాబిర్ దుకాణంలో తుమ్ముతున్నాడు. రెండుసార్లు వెళ్ళి దిండుకోటు అడిగాడు.

"ఇంకా ఇద్దరు నవ్వుతున్నారు" అన్నాడు వహీబ్. "వాళ్ళూ మానేశాక ఇస్తాను."

"నవ్వు మానాలంటే మీరది తీసేస్తే చాలదా ఉస్తాజ్?"

"నేను తీసేస్తే నవ్వు ఎక్కడికి పోతుంది జాబిరూ? ఈ వీధిలోనే తిరుగుతూ ఉంటుంది. రేపు ఇంకొకడిమీద వాలుతుంది."

జాబిర్‌కు ఆ మాట ఎక్కలేదు. ముక్కు మూసుకుపోయిన మనిషికి వేదాంతం ఎక్కదు. ఈయనకు పూర్తిగా మతిపోయిందని ఇంటికెళ్ళి అఫాఫ్‌కు చెప్పాడు.

పెళ్ళి శుక్రవారానికి పెట్టుకున్నారు. ఊళ్ళో అందరూ పెట్టుకున్నట్టే నౌవాలు చూసి పెట్టారు. ఖాసిమ్ వెళ్ళిపోయింది, తరవాతి నౌవా చిన్న ఫైదా రావడానికి ఇంకా వ్యవధి ఉంది, మధ్యలో ఎండే ఎండ అని రెండు కుటుంబాల పెద్దలూ వేళ్ళమీద లెక్కేసి తేల్చారు. సముద్రం ఒడ్డున ఉన్న మసీదులో, మధ్యాహ్నపు నమాజు తరవాత. పలచని బట్టలు చాలని ఆడవాళ్ళు నిర్ణయించారు. వాతావరణ శాఖవాళ్ళు ఏదో చెప్పారుగానీ, తాతలనాటి తేదీలను కాదని వాళ్ళ మాట ఎవరు వింటారు?

శుక్రవారం పొద్దున్నే చిన్న ఫైదా వచ్చేసింది. కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. ఆరేసిన దుప్పట్లు పక్క వీధిలో దొరికాయి. జాబిర్ గోధుమ రంగు సూటు ముందు పెట్టుకుని, దాన్ని వేసుకోవాలో పారేయాలో తేలక మంచంమీద కూర్చున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని వహీబ్ వచ్చాడు. ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నాడు. ఆయన సూటు గొంతుదాకా బొత్తాలు పెట్టి ఉంది. చేతిలో దిండుకోటు, ఇస్త్రీ మడతల్లో, కొలోన్ వాసనతో.

"లే" అన్నాడు. "ఈ వీధిలో ఇంక దీన్ని చూసి నవ్వేవాడు లేడు. తొడుక్కో."

"సూటులోపల ఇదా? పెళ్ళికా?"

"వీధిలో మగాళ్ళందరూ ఇలాగే వస్తున్నారు. నువ్వొక్కడివీ బొత్తాం పెట్టుకుంటే నీకు షోకు తెలియదనుకుంటారు."

జాబిర్ నోరు తెరిచేలోగా వహీబ్ పని మొదలెట్టాడు. తెల్ల చొక్కా, దానిమీద దిండుకోటు, దానిపైన గోధుమ రంగు కోటు. ఎడం ఉన్నచోట ఇప్పుడు నీలం నిండుగా ఉంది. ప్యాంటు అంచు ఒక మడత మడిచి, జాబిర్ పనిలో తొడిగే నల్ల రబ్బరు బూట్లే తుడిచి తొడిగించాడు. టై కట్టనివ్వలేదు. అఫాఫ్ అల్లిన కండువా మెడలో వేసి కొసలు లోపలికి దించాడు. ఒంటిమీద ఉన్నవన్నీ నీవేగా అని అడిగాడు. జాబిర్ ఒక్కొక్కటీ తడిమి చూసుకుని, అన్నీ నావే అన్నాడు. రావ్యా గది గుమ్మంలోంచి చూసి, లోపలికొచ్చి నాన్న భుజంమీద దూది పోగు తీసేసింది. ఆ పిల్ల కళ్ళు చూశాక జాబిర్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

మసీదు ఆవరణలో గాలి మనుషుల్ని నిలబడనివ్వడం లేదు. మగపెళ్ళివారంతా కొత్త సూట్లలో, పలచగా, మెరుస్తూ, వణుకుతూ ఉన్నారు. హాజీ మమ్దూహ్ నీలం సూటులో లోపల ఒక్క చొక్కాతో నిలబడి, పళ్ళు కొట్టుకుంటుంటే నవ్వలేక నవ్వుతున్నాడు. పెళ్ళి రాసే మౌల్వీ వరసగా తుమ్మాడు. ఇటు ఆడపెళ్ళివారి తరఫున బయ్యూమీ, లుత్ఫీ, ఇంకా పదిమంది, పాత కోట్లు బార్లా తెరిచి, లోపల దిండుకోట్లూ ముసుగు స్వెట్టర్లతో, వెచ్చగా, పొట్టలు ముందుకు పెట్టి దిగారు. వాళ్ళ మధ్యలోంచి జాబిర్ వచ్చాడు.

మమ్దూహ్ చూపు అలవాటుగా చేతికఫ్‌లమీదికి వెళ్ళింది.

"బాగుంది సూటు" అన్నాడు. "ఇది ఎవరిది జాబిర్ గారూ?"

 జాబిర్ చెవులు వేడెక్కాయి. తరవాత ఎక్కణ్ణుంచి వచ్చిందో, నవ్వొచ్చింది.

"నాదే హాజీగారూ" అన్నాడు, కోటు అంచులు రెండూ పట్టుకుని దగ్గరికి లాగి, ఎంతకీ కలవకపోవడం చూపిస్తూ. "ఇంకొకళ్ళదైతే బొత్తాం పట్టేది."

ముందు మమ్దూహే నవ్వాడు, తన చలిని కూడా మరిచిపోయి. తరవాత అందరూ నవ్వారు. అది జాబిర్‌మీద పడిన నవ్వు కాదు, జాబిర్ పంచిపెట్టిన నవ్వు. మగపెళ్ళివారిలో ఒకాయన లుత్ఫీని పక్కకు పిలిచి, ఈ షోకు మీ పేటలో ఎప్పటినుంచి అని వివరాలడిగాడు.

మౌల్వీ తెల్ల రుమాలు కప్పగా, దానికింద జాబిర్ అల్లుడి చెయ్యి పట్టుకుని, చెప్పాల్సిన మాటలు ఒక్కటీ తడబడకుండా చెప్పాడు. మీ చెయ్యి ఎంత వెచ్చగా ఉంది మామయ్యా అన్నాడు తామిర్ గుసగుసగా, వదలకుండా. ఆడవాళ్ళ వైపునుంచి మంగళధ్వనులు లేచి గాలి చప్పుడును ముంచేశాయి.

షర్బత్ పంచుతుండగా నిర్మీన్ వచ్చి జాబిర్‌ను అభినందించింది. నెత్తిమీద చిలకపచ్చ టోపీ, నారింజకాయంత కుచ్చు. ఆ టోపీని ఇప్పుడు ఎవరూ పట్టించుకోకపోవడం జాబిర్ మొదటిసారి గమనించాడు.

"నిన్ను ఆటపట్టించరామ్మా దీన్ని చూసి?" అని అడిగాడు.

"ఇంకేం మిగిలిందని బాబాయ్? నవ్వాల్సిందంతా వహీబ్ మామ నెత్తిమీద ఉండగానే నవ్వేశారుగా. అది అయిపోయేదాకా ఆయన తిరిగివ్వలేదు. మీ దిండుకోటూ అంతేగా" అంది నిర్మీన్, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

 ఇంకా ఇద్దరు నవ్వుతున్నారని వహీబ్ అన్న మాట జాబిర్‌కు ఇప్పుడెక్కింది. ఇన్నాళ్ళూ తుమ్ముతూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. వహీబ్ కోసం వెతికాడు. ఆయన చెప్పులు విడిచే చోట, స్తంభం వెనక, గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఒంటిమీద అరువు తెచ్చిన వింతేదీ కనిపించలేదు. పెళ్ళిలో అందరి కళ్ళూ పెళ్ళికూతురి తండ్రిమీదే ఉండాలని ఈ మనిషి చలికి ఓర్చుకుని ఇలా వచ్చాడని జాబిర్‌కు అర్థమైంది. గుండె నిండిపోయింది.

"ఉస్తాజ్" అన్నాడు దగ్గరికెళ్ళి. "నాకోసం ఎన్ని మాటలు పడ్డారు మీరు."

"పిచ్చిమాటలు మాట్లాడకు. సూటుతో కలిపి చూశాను, అంతే" అన్నాడు వహీబ్, దూరంగా జరుగుతూ.

"లోపల ఏమీ లేకుండా చలికి చచ్చిపోతారు. నా కండువా తీసుకోండి."

"వద్దు, వద్దు. నాకు చలి లేదు" అన్నాడు వహీబ్, అవసరమైనదానికంటే గట్టిగా.

ఈలోగా ఫొటోకు రమ్మని కేక వచ్చింది. జాబిర్ ఆయన చెయ్యి వదల్లేదు. గింజుకుంటున్నవాణ్ణి ఈడ్చుకొచ్చి తన పక్కనే నిలబెట్టుకున్నాడు. ఇటు కోమ్ ఎల్ దిక్కా మగాళ్ళంతా కోట్లు తెరుచుకుని వరసగా నిలబడ్డారు. అటు మమ్దూహ్ ఒకసారి ఆ వరస చూశాడు, ఒకసారి తనను చూసుకున్నాడు. ఏమైతే అయిందని తన కోటు బొత్తాలు కూడా విప్పేశాడు. ఆయన చూసి ఆయన తమ్ముళ్ళూ విప్పారు. గాలికి అందరి కోట్లూ రెక్కల్లా లేచాయి.

ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, తల పైకెత్తాడు.

"పెద్దాయనా, ఆ బూడిద రంగు సూటాయన. మీరొక్కరే వరస చెడగొడుతున్నారు. బొత్తాలు విప్పండి."

వహీబ్ వినిపించనట్టు సముద్రం వైపు చూశాడు. లుత్ఫీకి గురువుగారి మొహమాటం నచ్చలేదు. వెనకనుంచి చేతులు పెట్టి తనే బొత్తాలు విప్పేశాడు.

లోపల ఒక సరికొత్త స్వెట్టర్ ఉంది. దానిమ్మగింజ రంగు, గుండెమీద తెల్ల వజ్రాల గడులు, మెత్తటి ఊలు.

అందరికంటే ముందు మమ్దూహ్ గుర్తుపట్టాడు.

"అది నాది" అన్నాడు. "పెళ్ళికూతురి తరఫు పెద్దమనిషినని పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. కాఫీ ఇచ్చాం. ఒక్క పూట ఇవ్వండి, సూటుతో కలిపి చూస్తానన్నాడు. వియ్యాలవారి మర్యాద కదా, కాదనలేకపోయాను."

పెళ్ళికి ఇంకొకళ్ళ బట్టలు వేసుకొచ్చినవాడు దొరికిపోయాడు. అతను ఇస్త్రీవాడు మాత్రం కాదు. ఆ సంగతి జాబిర్‌కు తట్టింది, మమ్దూహ్‌కూ తట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మమ్దూహ్ వణికే గొంతుతోనే, నేనన్న మాటకు ఇది సరిపోయింది జాబిర్ గారూ అన్నాడు.

"చేతులు కాస్త పొడుగయ్యాయి" అన్నాడు వహీబ్ గంభీరంగా, కఫ్‌లు చూసుకుంటూ. "మిగతాదంతా బాగానే కుదిరింది."

ఫొటోగ్రాఫర్ అప్పుడే నొక్కాడు. ఆ ఫొటోలో పెళ్ళికొడుకు బుద్ధిగా ఉన్నాడు, మమ్దూహ్ ముక్కు ఎర్రగా ఉంది, పెళ్ళికూతురి తండ్రికి నవ్వి నవ్వి కళ్ళు మూసుకుపోయాయి. ఇంకోటి తీస్తానని అతను బతిమాలినా రావ్యా ఒప్పుకోలేదు.